సోర్స్ కోడ్ నుంచి నిర్మించుకున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్యాకేజీల నిర్వహణ: పద్ధతులు, పరిమితులు

సారాంశం

ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ కోడ్ నుంచి స్వయంగా నిర్మించుకునేవారికి మార్గదర్శిగా 1999 నుంచి 'లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్' అనే పుస్తకం వెలువడుతోంది. ప్రతి ప్యాకేజీని ఎలా నిర్మించాలో అందులో సవివరంగా ఉంటుంది. నిర్మించిన ప్యాకేజీలను ఆ తరువాత నిర్వహించే సాధనాన్ని మాత్రం ఆ పుస్తకం పాఠకుడి ఎంపికకే వదిలివేస్తుంది. ఈ బాధ్యతను నెరవేర్చడానికి వాడుకలో ఉన్న పద్ధతులేవి, అవి ఏ ప్రశ్నలకు జవాబివ్వగలవు, ఎక్కడ విఫలమవుతాయి అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్యాకేజీ నిర్వహణ సారమంతా ఒక నమ్మకమైన నమోదులో ఉందనీ, ఆ నమోదు తొలి ప్యాకేజీ నుంచే మొదలు కావాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, సోర్స్ కోడ్, ప్యాకేజీ నిర్వహణ, లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్, షేర్డ్ లైబ్రరీ, సాఫ్ట్‌వేర్ భద్రత

1. ఉపోద్ఘాతం

లైనక్స్ అనే పేరుతో వ్యవహరించే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే చోట తయారైనది కాదు. కెర్నెల్‌ను ఒక బృందం, సీ లైబ్రరీని మరొక బృందం, షెల్‌ను, కంపైలర్‌ను, ఫైళ్లను కుదించే సాధనాలను ఇంకా వేర్వేరు బృందాలు తమ తమ వేళల్లో రాసి విడుదల చేస్తుంటాయి. ఇలా విడుదలయ్యే ఒక్కొక్క కట్టను ప్యాకేజీ అంటారు. వీటన్నింటినీ సేకరించి, కంపైల్ చేసి, ఒకదానితో ఒకటి పొసగేలా కూర్చి అందించే పని డెబియన్, ఫెడోరా వంటి డిస్ట్రిబ్యూషన్లది. వాటిని వాడేవారు ఒక్క ఆదేశం ఇస్తే చాలు, కావలసిన ప్యాకేజీ తన ఆధారాలతో సహా వచ్చి చేరుతుంది. మరొక ఆదేశంతో తొలగిపోతుంది. తెర వెనుక ఇందుకు అవసరమైన లెక్కనంతా ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది.

గెరార్డ్ బీక్‌మన్స్ ప్రారంభించిన 'లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్' ఇందుకు భిన్నమైన మార్గం. ఇందులో పాఠకుడు ముందుగా తన ప్రస్తుత కంప్యూటర్ మీద ఒక క్రాస్ కంపైలర్‌ను నిర్మిస్తాడు. దానితో తాత్కాలిక సాధనాలను తయారు చేసుకుంటాడు. ఆ సాధనాలతో పాత వ్యవస్థ నుంచి వేరుపడిన ఒక కొత్త రూట్ డైరెక్టరీలోకి ప్రవేశించి, సుమారు 80 ప్యాకేజీలను ఒక్కొక్కటిగా కంపైల్ చేసి తుది వ్యవస్థను నిలబెడతాడు. గ్రాఫికల్ డెస్క్‌టాప్, బ్రౌజర్ వంటివి కావాలంటే 'బియాండ్ లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్' అనే అనుబంధ గ్రంథం ప్రకారం ఇంకా అనేక ప్యాకేజీలను చేర్చుకోవాలి.

ఇలా తయారైన వ్యవస్థలో ప్యాకేజీ మేనేజర్ ఉండదు. ఇది ఏమరుపాటు వల్ల ఏర్పడిన లోపం కాదు. వ్యవస్థ ఎలా నిర్మితమవుతుందో నేర్పడం తమ లక్ష్యమనీ, ప్యాకేజీ నిర్వహణకు పలు పరిష్కారాలు ఉన్నా అందరికీ సరిపడేది ఏదీ లేదనీ పుస్తకకర్తల వైఖరి. అందుచేత వారు పద్ధతులను స్థూలంగా పరిచయం చేసి, ఎంపికను పాఠకుడికి వదిలివేశారు. ఆ ఎంపికకు అవసరమైన ప్రమాణాలను ఏర్పరచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. 'మేక్ ఇన్‌స్టాల్' అనే ఆదేశం చేసే పని

సోర్స్ నుంచి ఒక ప్యాకేజీని స్థాపించడంలో సాధారణంగా మూడు దశలు ఉంటాయి. మొదటిది 'కాన్ఫిగర్': ఇది కంప్యూటర్‌లో ఏ లైబ్రరీలు, ఏ సౌకర్యాలు ఉన్నాయో పరీక్షించి నిర్మాణానికి తగిన ఏర్పాట్లు చేస్తుంది. రెండవది 'మేక్': ఇది సోర్స్ కోడ్‌ను యంత్రభాషలోకి మారుస్తుంది. మూడవది 'మేక్ ఇన్‌స్టాల్': ఇది తయారైన ఫైళ్లను వాటి వాటి స్థానాలకు చేరవేస్తుంది. ప్రోగ్రామ్‌లు బిన్ డైరెక్టరీకి, లైబ్రరీలు లిబ్ డైరెక్టరీకి, హెడర్ ఫైళ్లు ఇన్‌క్లూడ్ డైరెక్టరీకి, సహాయపత్రాలు షేర్ డైరెక్టరీకి వెళతాయి.

సమస్యకు మూలం ఈ మూడవ దశలో ఉంది. యూనిక్స్ సంప్రదాయంలో డైరెక్టరీల విభజన ఫైలు చేసే పనిని బట్టి ఉంటుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిని బట్టి ఉండదు. ఎనభై ప్యాకేజీల ప్రోగ్రామ్‌లు ఒకే బిన్ డైరెక్టరీలో కలిసిపోతాయి. ఫలానా ఫైలు ఫలానా ప్యాకేజీ నుంచి వచ్చిందని చెప్పే గుర్తు ఆ ఫైలు మీద ఉండదు. 'మేక్ ఇన్‌స్టాల్' తాను చేసిన పనిని తెర మీద చూపి ఊరుకుంటుంది, ఎక్కడా భద్రపరచదు.

కొన్ని ప్యాకేజీలలో 'మేక్ అన్‌ఇన్‌స్టాల్' అనే ఆదేశం కూడా ఉంటుంది. దీనిని నమ్ముకోవడం కష్టం. అది అన్ని ప్యాకేజీలలో ఉండదు. ఉన్నచోట కూడా అదే వెర్షన్ సోర్స్, అవే కాన్ఫిగర్ ఎంపికలతో మళ్లీ అందుబాటులో ఉండాలి. నిర్మాణం పూర్తి కాగానే సోర్స్ డైరెక్టరీని తొలగించడం వాడుక కనుక అవసరమైన వేళకు అది దొరకదు.

3. జవాబు దొరకవలసిన ఐదు ప్రశ్నలు

వ్యవస్థను నిర్మించిన కొన్ని నెలల తరువాత దానిని నిర్వహించే వ్యక్తికి ఎదురయ్యే ప్రశ్నలను ఐదుగా క్రోడీకరించవచ్చు.

ఒకటి, ఈ ఫైలు ఏ ప్యాకేజీకి చెందినది? రెండు, ఈ ప్యాకేజీకి చెందిన ఫైళ్లన్నీ ఏవి? మూడు, ఈ ప్యాకేజీ మీద ఆధారపడినవి ఏవి? నాలుగు, దీనిని ఏ వెర్షన్ నుంచి, ఏ ప్యాచ్‌లతో, ఏ ఎంపికలతో నిర్మించాం? ఐదు, కొత్త వెర్షన్ చెడిపోతే పాతదానికి తిరిగి వెళ్లగలమా?

మొదటి రెండూ ఫైళ్ల యాజమాన్యానికి, మూడవది ప్యాకేజీల మధ్య సంబంధాలకు, చివరి రెండూ వ్యవస్థ చరిత్రకు సంబంధించినవి. వ్యాపారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగినదానిని జరిగిన క్రమంలో చిట్టాలో రాస్తాడు. తరువాత దానిని ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. ఎవరి బాకీ ఎంతో ఆవర్జా చెబుతుంది, అది ఎలా ఏర్పడిందో చిట్టా చెబుతుంది. సోర్స్ నుంచి నిర్మించుకునేవారికి కూడా ఈ రెండూ అవసరమే. డెబియన్‌లోని డీపీకేజీ, రెడ్‌హ్యాట్ నుంచి వచ్చిన ఆర్‌పీఎం, స్లాక్‌వేర్‌లోని ప్యాకేజీ సాధనాలు పైకి ఎంత భిన్నంగా కనిపించినా, స్థాపించిన ప్రతి ప్యాకేజీకి ఒక ఫైళ్ల జాబితాను భద్రపరచడం వాటన్నింటికీ ఉమ్మడి లక్షణం.

4. వాడుకలో ఉన్న పద్ధతులు

4.1 జ్ఞాపకం మీద ఆధారపడటం

ఏ ఏర్పాటూ చేసుకోకపోవడం కూడా ఒక పద్ధతే. ప్రతి ప్యాకేజీని క్షుణ్ణంగా ఎరిగి ఉన్నవారు, వ్యవస్థలో మార్పు వచ్చినప్పుడల్లా మొత్తాన్నీ మళ్లీ నిర్మించడానికి సిద్ధపడినవారు దీనితో నెట్టుకురాగలరు. నేర్చుకోవడానికి నిర్మించి, కొద్దిరోజుల్లో తొలగించే వ్యవస్థకు ఇది చాలు. ఏళ్ల తరబడి వాడదలచినదానికి చాలదు.

4.2 వేర్వేరు డైరెక్టరీలు, సింబాలిక్ లింకులు

ప్రతి ప్యాకేజీని దాని పేరు, వెర్షన్ గల ప్రత్యేక డైరెక్టరీలో ఉంచితే యాజమాన్యం దానంతటదే తేలిపోతుంది. ఆ డైరెక్టరీని తొలగిస్తే ప్యాకేజీ తొలగినట్టే. అయితే ప్రోగ్రామ్‌లను, లైబ్రరీలను, హెడర్లను, సహాయపత్రాలను ఎక్కడ వెతకాలో వ్యవస్థకు చెప్పే జాబితాలు ప్రతి కొత్త ప్యాకేజీతో పొడవవుతాయి. నాలుగైదు ప్యాకేజీలకు ఫరవాలేదు కాని, వందలాది ప్యాకేజీలకు ఇది మోయలేని భారం.

దీనికి సవరణగా వచ్చినది లింకుల పద్ధతి. ఫైళ్లు ప్రత్యేక డైరెక్టరీలోనే ఉంటాయి. సాధారణ స్థానాల్లో వాటికి సింబాలిక్ లింకులు మాత్రం ఏర్పడతాయి. గ్నూ స్టో ఈ పని చేసే ప్రసిద్ధ సాధనం. తనది కాని ఫైలు దారిలో అడ్డువస్తే అది దానిని చెరిపివేయకుండా ఆగిపోతుంది. దీనివల్ల రెండు ప్యాకేజీలు ఒకే పేరుతో ఫైలును స్థాపించబోతే ముందుగానే తెలుస్తుంది. ఈ పద్ధతి మొదటి రెండు ప్రశ్నలకు పూర్తిగా, ఐదవదానికి చాలావరకు జవాబిస్తుంది. మూడవ, నాలుగవ ప్రశ్నలకు దీని వద్ద జవాబు లేదు.

4.3 కాలముద్రలు, జాడ పట్టడం

స్థాపనకు ముందు ఒక ఖాళీ ఫైలును సృష్టించి, స్థాపన ముగిశాక దానికంటే కొత్తవైన ఫైళ్లన్నింటినీ వెతికి జాబితా చేయడం కాలముద్రల పద్ధతి. ఇది సులభమే కాని రెండు చోట్ల తప్పుతుంది. పాత కాలముద్రను అలాగే నిలిపి ఉంచుతూ ఫైళ్లను స్థాపించే ప్యాకేజీలు కొన్ని ఉన్నాయి. అటువంటప్పుడు ఫైలు మార్పు సమయానికి బదులు ఐనోడ్ మార్పు సమయాన్ని చూడాలి. అదే సమయంలో మరొక ప్రోగ్రామ్ రాసిన ఫైళ్లు కూడా జాబితాలో చేరిపోవచ్చు.

జాడ పట్టడంలో రెండు మార్గాలు ఉన్నాయి. ఫైళ్లను సృష్టించే ఫంక్షన్లకు అడ్డుగా ఒక చిన్న లైబ్రరీని ముందుగా లోడ్ చేసి, జరిగే ప్రతి రాతనూ నమోదు చేయడం మొదటిది. స్టాటిక్‌గా లింక్ అయిన ప్రోగ్రామ్‌లు ఈ లైబ్రరీని పట్టించుకోవు కనుక అవి చేసే పనులు నమోదుకు అందవు. 'ఎస్‌ట్రేస్' వంటి సాధనంతో కెర్నెల్‌కు వెళ్లే పిలుపులన్నింటినీ రాసుకోవడం రెండవది. ఇది ఎక్కువ నమ్మకమైనదే కాని, ఆ విస్తారమైన రాతలో నుంచి అవసరమైనదాన్ని వడగట్టుకోవాలి. ఈ పద్ధతులన్నింటికీ మరొక ఉమ్మడి లోపం ఉంది. జరగవలసింది జరిగిపోయాకే ఇవి లెక్క చెబుతాయి. ఒక ప్యాకేజీ మరొకదాని ఫైలును చెరిపివేస్తే, ఆ సంగతి తెలిసేసరికి పాత ఫైలు ఉండదు.

4.4 ప్రతి ప్యాకేజీకి ఒక యూజర్

మథియాస్ బెంక్‌మన్ ప్రతిపాదించిన పద్ధతి యూనిక్స్‌లో సహజంగా ఉన్న యాజమాన్య భావనను వినియోగించుకుంటుంది. ప్రతి ప్యాకేజీకి ఒక యూజర్ ఖాతాను సృష్టించి, ఆ ఖాతాతోనే దానిని నిర్మించి, స్థాపిస్తారు. అప్పుడు ప్రతి ఫైలుకు యజమానిగా ఆ ప్యాకేజీ పేరే నమోదవుతుంది. ఉమ్మడి డైరెక్టరీలలో కొత్త ఫైళ్లను చేర్చే అనుమతి అన్ని ప్యాకేజీలకూ ఉంటుంది. డైరెక్టరీకి 'స్టికీ బిట్' పెట్టడం వల్ల ఒక ప్యాకేజీ మరొకదాని ఫైలును తొలగించడం గాని మార్చడం గాని సాధ్యపడదు. స్థాపన స్క్రిప్టును రూట్ అధికారంతో నడపవలసిన అవసరం తప్పడం దీనిలోని పెద్ద మేలు. రూట్ అధికారం తప్పనిసరైన పనులు చేసే ప్యాకేజీల వద్ద మాత్రం ప్రత్యేకమైన సర్దుబాట్లు అవసరమవుతాయి.

4.5 ముందుగా వేరుచోట స్థాపించి, ఆపై చేర్చడం

డిస్ట్రిబ్యూషన్లలో అత్యధికం అనుసరించే మార్గం ఇది. దీనికి ఆధారం 'డెస్ట్‌డిర్' అనే చలరాశి. దీనికీ కాన్ఫిగర్ దశలో ఇచ్చే 'ప్రిఫిక్స్'కూ గల తేడాను స్పష్టంగా గ్రహించాలి. ప్రిఫిక్స్ అనేది ప్రోగ్రామ్ తన జీవితకాలమంతా ఉండబోయే చిరునామా. అది ప్రోగ్రామ్ లోపల కూడా నమోదవుతుంది. డెస్ట్‌డిర్ కేవలం స్థాపన సమయంలో ప్రతి మార్గానికి ముందు చేరే తాత్కాలిక భాగం, ప్రోగ్రామ్‌కు దాని సంగతి తెలియదు. ప్రిఫిక్స్‌ను యూఎస్‌ఆర్‌గా ఉంచి, డెస్ట్‌డిర్‌కు ఒక ఖాళీ డైరెక్టరీని ఇస్తే, ప్యాకేజీ ఫైళ్లన్నీ ఆ ఖాళీ స్థలంలో అచ్చంగా తుది రూపంలో అమరుతాయి. వాటిని పరిశీలించి, జాబితా రాసి, ఒక ఆర్కైవ్‌గా కట్టి, ఆ తరువాతే అసలు వ్యవస్థలోకి విప్పవచ్చు.

పెర్ లీడెన్ ప్రారంభించిన క్రక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో ఈ విధానం అతి సరళమైన రూపంలో కనిపిస్తుంది. అక్కడ ప్రతి ప్యాకేజీకి నిర్మాణ విధానాన్ని తెలిపే ఒక చిన్న షెల్ స్క్రిప్టు, స్థాపించబోయే ఫైళ్లను ముందే పేర్కొనే 'ఫుట్‌ప్రింట్' అనే జాబితా ఉంటాయి. నిర్మాణంలో ఒక ఫైలు తక్కువైనా ఎక్కువైనా ఆ తేడా వెంటనే బయటపడుతుంది. జెంటూలోని పోర్టేజ్ కూడా ముందుగా వేరుచోట స్థాపించి, ఆపై అసలు వ్యవస్థలో కలుపుతుంది. ఈ పద్ధతి ఐదు ప్రశ్నలలో నాలుగింటికి జవాబివ్వగలదు. మూడవదైన ఆధారాల ప్రశ్నకు అదనపు శ్రమ అవసరం.

4.6 నిక్స్ మార్గం

ఈల్కో డోల్‌స్ట్రా 2006లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో వివరించిన నిక్స్ పద్ధతి ఈ సమస్యను మూలం నుంచి వేరుగా చూసింది. ఒక ప్యాకేజీని నిర్మించడానికి వాడిన సోర్స్, కంపైలర్, ఎంపికలు, ఆధారాలు అన్నింటి నుంచి ఒక హ్యాష్‌ను గణించి, దానిని ఆ ప్యాకేజీ డైరెక్టరీ పేరులో చేరుస్తారు. వీటిలో ఏది మారినా అది వేరే డైరెక్టరీ అవుతుంది కనుక పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉండగలవు. వెనక్కి మళ్లడం లింకును మార్చినంత తేలిక. ఇది ఐదు ప్రశ్నలకూ జవాబిస్తుంది. కాని బిన్, లిబ్ డైరెక్టరీల సంప్రదాయ అమరికను విడిచిపెట్టవలసి ఉంటుంది. 'లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్' చూపిన అమరికను ఉన్నదున్నట్టు నిలుపుకోదలచినవారికి ఇది సరిపడదు.

5. షేర్డ్ లైబ్రరీల నవీకరణ

ప్యాకేజీ నిర్వహణ పద్ధతి ఎంత గట్టిదో తేలేది తొలిసారి స్థాపించినప్పుడు కాదు, నవీకరించినప్పుడు. కెర్నెల్‌ను మార్చినందువల్ల సాధారణంగా మరే ప్యాకేజీనీ మళ్లీ నిర్మించనక్కరలేదు. లైబ్రరీల విషయం వేరు.

ప్రతి షేర్డ్ లైబ్రరీకి 'సోనేమ్' అనే అంతర్గత నామం ఉంటుంది. దానిని వాడే ప్రోగ్రామ్ ఆ నామాన్నే గుర్తుపెట్టుకుంటుంది. కొత్త వెర్షన్‌లో సోనేమ్ మారకపోతే పాత ప్రోగ్రామ్‌లు కొత్త లైబ్రరీతో పనిచేయాలన్నది నియమం. మారితే వాటిని మళ్లీ కంపైల్ చేయాలి. 2021లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 నుంచి 3.0కు మారినప్పుడు దాని లైబ్రరీల సోనేమ్‌లోని సంఖ్య 1.1 నుంచి 3 అయింది. కొత్తదానిని స్థాపించి పాతదానిని వెంటనే తొలగిస్తే, అప్పటివరకు దానిని వాడుతున్న ప్రోగ్రామ్‌లన్నీ మొదలవకుండానే ఆగిపోతాయి. నెట్ నుంచి ఫైళ్లను దించుకునే సాధనం కూడా వాటిలో ఒకటి అయితే, మరమ్మతుకు కావలసిన సోర్స్‌ను తెచ్చుకునే దారి కూడా మూసుకుపోతుంది. అందుచేత పాత లైబ్రరీని అలాగే ఉంచి, ఆధారపడినవాటిని ఒక్కొక్కటిగా మళ్లీ నిర్మించి, చివరిది పూర్తయ్యాకే పాతదానిని తొలగించాలి. జెంటూలోని పోర్టేజ్ ఈ పనిని తానే గమనించి చేస్తుంది. స్వయంగా నిర్మించుకున్న వ్యవస్థలో 'రీడ్‌ఎల్ఫ్' సాధనంతో ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఏ సోనేమ్‌లు అవసరమని రాసి ఉందో వెతికి జాబితా తయారుచేసుకోవాలి.

ఆ జాబితా కూడా సంపూర్ణం కాదు. నడుస్తున్నప్పుడు మాత్రమే లోడ్ అయ్యే ప్లగిన్లు దానిలో కనిపించవు. పైథాన్ 3.12 నుంచి 3.13కు మారితే పాత వెర్షన్ డైరెక్టరీలో ఉన్న మాడ్యూళ్లు కొత్తదానికి కనిపించవు. వాటిని మళ్లీ స్థాపించాలన్న సంగతిని ఏ సోనేమ్ కూడా చెప్పదు. ఇటువంటి ఆధారాలను నిర్మాణ సమయంలోనే రాసి ఉంచుకోవాలి.

అన్నింటికంటే జాగ్రత్త అవసరమైనది సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ. పాత జీలిబ్‌సీతో నిర్మించిన ప్రోగ్రామ్‌లు కొత్తదానితో పనిచేస్తాయి. కొత్తదానితో నిర్మించినవి పాతదానితో పనిచేస్తాయన్న హామీ లేదు. 2021 ఆగస్టులో వెలువడిన 2.34 వెర్షన్‌లో ప్రోగ్రామ్‌ను ప్రారంభించే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ గుర్తు చేరింది. ఫలితంగా ఆ వెర్షన్ మీద నిర్మించిన మామూలు ప్రోగ్రామ్‌లు సైతం అంతకు ముందరి జీలిబ్‌సీని నిరాకరిస్తాయి. అంటే ఐదవ ప్రశ్నకు ఇక్కడ జవాబు దాదాపు లేనట్టే. పైగా స్థాపన మధ్యలో ఆగి, లైబ్రరీ ఒక వెర్షన్‌దీ దానిని లోడ్ చేసే లోడర్ మరొక వెర్షన్‌దీ అయితే, ఫైళ్లను కాపీ చేసే చిన్న ఆదేశం కూడా పనిచేయదు. స్టాటిక్‌గా కంపైల్ చేసిన బిజీబాక్స్‌ను, బయటి నుంచి బూట్ చేయగల ఒక పెన్‌డ్రైవ్‌ను ముందుగా సిద్ధపరచుకోవడం ఇందుకే.

6. వలయాధారం: తెలుగు లిపి నుంచి ఒక ఉదాహరణ

ఆధారాలు ఎల్లప్పుడూ సరళరేఖలో సాగవు. తెరపై అక్షరాలను చూపే రెండు లైబ్రరీలను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఫ్రీటైప్ ఫాంటు ఫైలు నుంచి ఒక్కొక్క ఆకృతిని చదివి చుక్కలుగా మారుస్తుంది. హార్ఫ్‌బజ్ వరుసగా వచ్చే యూనికోడ్ సంకేతాలకు ఫాంటులోని ఏ ఆకృతులు, ఏ క్రమంలో, ఏ స్థానాల్లో రావాలో నిర్ణయిస్తుంది. 'స్త్రీ' అనే అక్షరంలో ఆరు యూనికోడ్ సంకేతాలు ఉన్నాయి. సకారం కింద తకారపు ఒత్తు, రకారపు ఒత్తు, పైన ఈకారపు గుడి చేరి ఒకే అక్షరంగా కనిపించడానికి ఈ నిర్ణయమే కారణం. హార్ఫ్‌బజ్ చేసే పనిని చేసేవారు లేకపోతే తెలుగు పాఠం విడివిడి హల్లులుగా, విరామచిహ్నాలుగా చెదిరిపోతుంది.

ఫాంటులను చదవడానికి హార్ఫ్‌బజ్ ఫ్రీటైప్‌ను వాడుకుంటుంది. ఆకృతుల అంచులను స్వయంగా సరిదిద్దే పనిలో ఫ్రీటైప్ హార్ఫ్‌బజ్ సాయం తీసుకుంటుంది. ఏది ముందు నిర్మించాలి? 'బియాండ్ లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్' సూచించిన మార్గం ఇది: మొదట హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్‌ను, తరువాత దానితో హార్ఫ్‌బజ్‌ను, చివరగా ఫ్రీటైప్‌ను మళ్లీ నిర్మించాలి. అంటే ఒకే వెర్షన్ ఫ్రీటైప్ రెండు సార్లు, రెండు వేర్వేరు ఎంపికలతో తయారవుతుంది. ప్యాకేజీ పేరు, వెర్షన్ మాత్రమే రాసుకున్నవారికి ప్రస్తుతం తమ వ్యవస్థలో ఉన్నది మొదటిదో రెండవదో తెలియదు. నాలుగవ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఈ ఉదాహరణ చూపుతుంది.

7. భద్రత: రెండు సంఘటనలు చెప్పేదేమిటి

నమోదు అనేది క్రమశిక్షణ కోసమే కాదని రెండు సంఘటనలు తెలుపుతాయి.

2014 ఏప్రిల్ 7న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని 'హార్ట్‌బ్లీడ్' లోపం బహిరంగమైంది. 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ వరకు గల వెర్షన్లలో ఆ లోపం ఉంది, 1.0.1జీలో సరిదిద్దారు. ఆ రోజున ప్రతి నిర్వాహకుడికీ తక్షణం కావలసినది తన వద్ద ఉన్నది ఏ వెర్షనో, దానిని ఏ ప్రోగ్రామ్‌లు వాడుతున్నాయో అన్న సమాచారం. కొత్త లైబ్రరీని స్థాపించడంతోనే పని ముగియదు. అప్పటికే నడుస్తున్న సర్వర్లు పాత లైబ్రరీని మెమొరీలో పట్టుకునే ఉంటాయి, వాటిని పునఃప్రారంభించాలి. ఆ లైబ్రరీని స్టాటిక్‌గా తమలో కలుపుకున్న ప్రోగ్రామ్‌లు ఉంటే వాటిని మళ్లీ నిర్మించాలి.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఎక్స్‌జెడ్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాగిన దొడ్డిదారిని బయటపెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయ్యేటప్పుడు సుమారు అరసెకను ఆలస్యం కావడాన్ని గమనించి ఆయన కూపీ లాగారు. దొడ్డిదారిని తెరిచే స్క్రిప్టు విడుదల చేసిన ఆర్కైవ్‌లో ఉంది, బహిరంగ గిట్ భాండారంలో లేదు. ఎక్స్‌జెడ్‌తో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు నేరు సంబంధం లేదు. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు చేర్చిన ప్యాచ్ వల్ల సిస్టమ్‌డీ లైబ్రరీ ద్వారా ఆ బంధం ఏర్పడింది. డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీగా నిర్మిస్తున్నప్పుడు మాత్రమే ఆ దుష్టసంకేతం చేరేలా దాడి చేసినవారు జాగ్రత్తపడ్డారు.

సొంతంగా నిర్మించుకున్నవారు ఆ సందర్భంలో తప్పించుకోవడానికి కారణం దాడి చేసినవారు ఎంచుకున్న గురి మాత్రమే. సోర్స్ నుంచి నిర్మించడం దానంతటదే రక్షణ కాదు. ఏ ఆర్కైవ్‌ను, ఎక్కడి నుంచి, ఏ చెక్‌సమ్‌తో తెచ్చామో రాసి ఉంచినవారు ఇటువంటి వార్త వచ్చిన కొద్ది నిమిషాల్లో తమ పరిస్థితిని తేల్చుకోగలరు. డిస్ట్రిబ్యూషన్ వాడేవారికి భద్రతా బృందం ఒకటి ఈ పని చేసిపెడుతుంది. స్వయంగా నిర్మించుకున్న వ్యవస్థకు ఆ బృందం నిర్మాత ఒక్కడే.

8. ఆచరణకు ఒక విధానం

పై పరిశీలన ఆధారంగా, పెద్ద సాధనాలేవీ లేకుండా అమలు చేయగల విధానాన్ని ఇలా సూచించవచ్చు.

మొదటగా, ప్రతి ప్యాకేజీకి ఒక నిర్మాణ స్క్రిప్టు రాయాలి. సోర్స్ దొరికే చోటు, వెర్షన్, చెక్‌సమ్, ప్యాచ్‌లు, ఎంపికలు, తెలిసిన ఆధారాలు అందులో ఉండాలి. ఆదేశాలను టెర్మినల్‌లో నేరుగా కొట్టకుండా స్క్రిప్టు ద్వారానే నడిపితే, రాసినదీ చేసినదీ వేరుకావు. ఈ స్క్రిప్టుల ప్రతిని ఆ కంప్యూటర్ వెలుపల కూడా భద్రపరచాలి.

రెండవది, సాధారణ యూజర్‌గా డెస్ట్‌డిర్‌లో స్థాపించాలి. డెస్ట్‌డిర్‌ను గౌరవించని ప్యాకేజీ ఏదైనా ఉంటే, అసలు డైరెక్టరీలలో రాయడానికి అనుమతి లేక అక్కడే ఆగిపోతుంది. ఆ వైఫల్యం మేలే చేస్తుంది.

మూడవది, ఏర్పడిన ఫైళ్ల జాబితాను ఇతర ప్యాకేజీల జాబితాలతో పోల్చాలి. ఒకే ఫైలు రెండింటిలో ఉంటే ముందే నిర్ణయించుకోవాలి. ఇన్ఫో పత్రాల సూచిక వంటి ఉమ్మడి ఫైళ్లను ఆర్కైవ్ నుంచి తీసివేసి, స్థాపన తరువాత విడిగా మళ్లీ తయారుచేయాలి.

నాలుగవది, ఆర్కైవ్‌ను విప్పేటప్పుడు రెండు మెలకువలు అవసరం. నేటి అమరికలో రూట్‌లోని లిబ్ అనేది యూఎస్‌ఆర్‌లోని లిబ్‌కు లింకు మాత్రమే. ఆర్కైవ్‌లో అదే పేరుతో డైరెక్టరీ ఉంటే గ్నూ టార్ ఆ లింకును తొలగించి నిజమైన డైరెక్టరీని పెడుతుంది. దానితో లోడర్ కనిపించక వ్యవస్థ అంతా ఒక్కసారిగా స్తంభిస్తుంది. డైరెక్టరీ లింకులను నిలిపి ఉంచమనే ఎంపికను తప్పక ఇవ్వాలి. అలాగే వాడుకలో ఉన్న లైబ్రరీ మీద నేరుగా కొత్త అంశాన్ని రాయకూడదు. పాత ఫైలు పేరును తొలగించి కొత్తదానిని పెట్టినప్పుడే, నడుస్తున్న ప్రోగ్రామ్‌లు పాత ప్రతితో క్షేమంగా కొనసాగుతాయి.

ఐదవది, నవీకరించినప్పుడు పాత జాబితాలో ఉండి కొత్త జాబితాలో లేని ఫైళ్లను మాత్రమే తొలగించాలి. ఈటీసీ డైరెక్టరీలోని సెట్టింగు ఫైళ్లను, ఇంకా ఎవరో వాడుతున్న పాత సోనేమ్ లైబ్రరీలను మినహాయించాలి. పాత ఆర్కైవ్‌ను కనీసం తదుపరి నవీకరణ వరకు ఉంచుకోవాలి.

9. ముగింపు

ప్యాకేజీ నిర్వహణకు ఉన్న పద్ధతులలో ప్రతి ఒక్కటీ కొన్ని ప్రశ్నలకు జవాబిచ్చి కొన్నింటిని విడిచిపెడుతుంది. కొద్దికాలపు అధ్యయనానికి జ్ఞాపకం చాలు. కొద్ది అదనపు ప్యాకేజీలకు లింకుల పద్ధతి అనుకూలం. దీర్ఘకాలం వాడదలచిన వ్యవస్థకు, డెస్ట్‌డిర్‌లో స్థాపించి జాబితాతో, నిర్మాణ స్క్రిప్టుతో కలిపి భద్రపరిచే పద్ధతి తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

ఏ పద్ధతిని ఎంచుకున్నా, ఆ నిర్ణయం తుది వ్యవస్థలోని మొదటి ప్యాకేజీకి ముందే జరగాలి. వందలాది ప్యాకేజీలు ఒకే డైరెక్టరీలో కలిసిపోయిన తరువాత ఏ ఫైలు ఎక్కడిదో ఊహించవచ్చు, కాని నిర్ధారించాలంటే ఒక్కొక్క ప్యాకేజీని మళ్లీ నిర్మించి చూడవలసిందే. తన వ్యవస్థలోని ప్రతి భాగాన్నీ ఎరిగి ఉండాలన్న కోరికతోనే ఎవరైనా ఇంత శ్రమకు పూనుకుంటారు. నమోదు లేకపోతే ఆ ఎరుక నిర్మించినవారి జ్ఞాపకం ఉన్నంతకాలమే ఉంటుంది. నమోదు ఉంటే, మరొకరు సైతం దానిని చదివి ఆ వ్యవస్థను అర్థం చేసుకోగలరు, మరమ్మతు చేయగలరు, అవసరమైతే మొదటి నుంచి మళ్లీ నిర్మించగలరు.